తాత టోపీ అంచు

"మా తాతంటే దొరలు గూడ వణికేటోళ్లు. గా రుబాబు కనబడాలె, అంచు పైకి లేపు," అన్నాడు ప్లాట్ల వ్యాపారి పరమేష్. చౌటుప్పల్‌లో కొత్త వెంచర్ ప్రారంభానికి తాత ఫెల్టు టోపీ పెట్టుకోవాలని అతని సరదా.

ఇస్త్రీ చేసే పోచయ్య వెంచర్ ఆఫీసులోనే టోపీకి తడిగుడ్డ వేసి ఆవిరి పట్టాడు. ఎన్నిసార్లు లేపినా అంచు రెండు పక్కలా కుంగిపోయింది.

"లోపలి పట్టీకి చెమట మరకే లేదు సారూ. అంచుకేమో రెండు దిక్కుల వేళ్ల గుంటలు. మీ తాత గిది నెత్తిన పెట్టుకోలే, ఎవరి ముంగటనో చేతుల పట్టుకొని నిలబడ్డడు."

"నోరు ముయ్యి!" పరమేష్ టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు.

ప్రారంభానికి వచ్చిన ఎమ్మెల్యే కారు బయట ఆగింది. పరమేష్ ఉరికి, టోపీ తీసి, రెండు చేతులా పొట్టకు అదుముకుని వంగాడు.

వేళ్లు ఆ గుంటల్లో అచ్చంగా కుదిరాయి.