ఆదివారం కారు

"ఈ వేళ అది కదలాలి," అంది ఆవిడ, కాఫీ గ్లాసు పెద్దాయన ముందు పెడుతూ. "కదిలి గేటు దాటాలి. అల్లుడు తోలుకుపోవాలి."

"నేనేమైనా ఆపానా?"

"ఆపారని నేనన్నానా? వాళ్ళక్క సంబంధాలు చూస్తోందిట. ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి ఒళ్ళంతా గ్రీజు పూసుకునేవాడికి పిల్లనెవరిస్తారు? కారు పని అయిపోతే ఇక రావక్కర్లేదు. తన దారి తను చూసుకుంటాడు. అమ్మాయే లేనప్పుడు అల్లుడేమిటండీ మనకి?"

పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. కాఫీ తాగాడు. అది వేడిగా ఉందో చల్లారిపోయిందో ఆయనకి తెలియలేదు. అమ్మాయి పోయిన దగ్గర్నుంచీ ఆయనకి ఏదీ పెద్దగా తెలియడం లేదు.

షెడ్డులో అల్లుడు అప్పటికే కారు బానెట్టు ఎత్తి నిలబడ్డాడు. ఆ చిన్న కారు అమ్మాయిది. పెట్రోలు ఇంజను పీకేసి, కరెంటు మోటారు పెట్టి, డిక్కీ నిండా బ్యాటరీలు సర్ది నడపాలన్నది కూడా అమ్మాయి సరదాయే. మోటారు కొని ఇంటికి తెచ్చింది, బిగించకుండానే పోయింది. మామా అల్లుళ్ళు ఆ పని నెత్తికెత్తుకున్నారు. ఒకాయన నీళ్ళ పంపులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇంకొకడు మందుల షాపులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవాడు. ఇద్దరూ ఇద్దరే.

మొదట్లో వచ్చిన తప్పులు నిజం తప్పులే. మోటారు వైర్లు తారుమారై, ఫస్టు గేరు వేస్తే కారు వెనక్కి వెళ్ళి గోడని గుద్దింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఏడుస్తున్నారనుకుని ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

తర్వాత ఒక్కొక్కటే కుదురుకోసాగింది. పెద్దాయనకి భయం పట్టుకుంది. కారు నడిస్తే అల్లుడు రాడు. అందుకని శనివారం సాయంత్రం షెడ్డులోకి దూరి, ఏదో ఒక ప్లగ్గుని కాస్త లాగి వదిలేసేవాడు. మర్నాడు ఇద్దరూ పొద్దంతా వెతికేవాళ్ళు, కలిసి భోంచేసేవాళ్ళు. కొన్ని వారాలు ఆయన చెయ్యి పెట్టకపోయినా కారు తనంతట తనే మొరాయించింది. దేవుడు కూడా నా పక్షమే అనుకున్నాడు.

"స్పానరు లోపల మర్చిపోయాను మావయ్యా, తెస్తాను," అని అల్లుడు ఇంట్లోకి వెళ్ళాడు.

పెద్దాయన మోకాళ్ళ మీద వంగాడు. నిన్న లాగింది యాక్సిలరేటరు వెనకాల ప్లగ్గు. దాన్ని పూర్తిగా లోపలికి నొక్కాడు. ఆవిడ చెప్పింది నిజమే. పడుచువాణ్ణి ఎన్నాళ్ళు కట్టి ఉంచుతాం? ఆయనకి బాధ కూడా అనిపించలేదు. చేతులు దులుపుకుని లేచాడు.

"ఎక్కవోయ్, తాళం తిప్పు," అన్నాడు పెద్దాయన, అల్లుడు రాగానే.

అల్లుడు ఎక్కాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. అమ్మాయి పొట్టిది, సీటు బాగా ముందుకి జరుపుకునేది. దాన్ని ఇద్దరిలో ఎవరూ వెనక్కి జరపలేదు.

తాళం తిప్పాడు. నిశ్శబ్దం.

"టక్‌మని రిలే స్విచ్చి చప్పుడు రావాలే! మళ్ళీ తిప్పు."

మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు.

"ఈ వారం కూడా కాదనుకుంటా మావయ్యా."

"కాకపోవడమేమిటి? ఇవాళ దీనికి ఏ రోగమూ లేదు!"

అల్లుడు తలెత్తాడు. "మీకెలా తెలుసు?"

పెద్దాయన నాలిక్కరుచుకున్నాడు. "ఊరికే అన్నాన్లే," అంటూ మీటరు అందుకున్నాడు. ఈసారి నిజంగానే వెతకసాగాడు. బ్యాటరీ దగ్గర కరెంటుంది. అక్కణ్ణుంచి ఫ్యూజు పెట్టె దాకా ఉంది. ఆ తర్వాత లేదు. పెట్టె మూత తీశాడు. ఫ్యూజులన్నీ వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక పన్ను ఊడినట్టు ఖాళీ.

"ఇక్కడ ఉండాల్సిన ఫ్యూజేదోయ్?"

"కాలిపోయిందేమో."

"కాలితే అక్కడే పడి ఉంటుంది గానీ లేచి నడిచిపోతుందా?"

అల్లుడు కారు దిగాడు. అంతలో ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ.

"ఏమిటి, ఇవాళ కూడా కదలదా?"

అల్లుడికి చెమట పట్టింది. తుడుచుకుందామని జేబులోంచి చేతిరుమాలు లాగాడు. దానితోపాటు ఎర్రటి చిన్న ఫ్యూజు ఒకటి జారి, గచ్చు మీద రెండు గెంతులు గెంతి, పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది.

పెద్దాయన ఫ్యూజు వంక చూశాడు. అల్లుడి వంక చూశాడు. అల్లుడు చేతిరుమాలు వంక చూస్తున్నాడు, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా. తను చెయ్యి పెట్టని వారాలన్నీ పెద్దాయనకి గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆయనకి ఏడుపు రాబోయింది.

"ఏమిటండీ, ఏదో పడింది?" అంది ఆవిడ.

పెద్దాయన చెప్పుకాలు జరిపి ఫ్యూజు మీద వేశాడు.

"ఏం లేదే, తుప్పు పట్టిన మేకు. దీని జబ్బు ఇప్పట్లో తేలేలా లేదు. అల్లుడూ, వచ్చే ఆదివారం ఇంకాస్త పెందలాడే రా."