ఉన్నది ఉన్నట్టు ఇచ్చే కార్డు

“రెండిట్ల ఏదో ఒకటి ఖాయం చేయుండ్రి సార్. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు,” అన్నాడు పరమేశ్, బల్ల మీద రెండు కంప్యూటర్ కార్డులూ పక్కపక్కన పెడుతూ.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మెదక్ బస్టాండులో ఒక్క చక్రమూ కదలడం లేదు. కంప్యూటర్లు బాగుచేసే పరమేశ్ ఈ కార్డుల కోసం హైదరాబాదు వెళ్లి, కౌడిపల్లి దాకా లారీలో, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చాడు. చిన్నప్పుడు ఫిజిక్సు చెప్పిన ఎబినేజర్ సారు అడిగితే కాదనలేకపోయాడు.

సారుది అదో లోకం. ఊరంతా విండోస్ వాడుతుంటే ఆయన మాత్రం లైనక్సే అంటాడు. లోపల ఏముందో చూడనివ్వని దాన్ని ఎట్లా నమ్మేది అని ఆయన వాదం. ఆయన కంప్యూటర్లో ఒక పాత డిస్కు, ఆ డిస్కులో ఒక పాట. ఎప్పుడో ఒక కోత పండుగనాడు చర్చి ఆవరణలో ఒక అమ్మాయి పాడింది. క్యాసెట్ బూజుపట్టి తెగిపోయింది. ఇక మిగిలింది అంతకుముందు డిస్కులోకి ఎక్కించుకున్నదే. ఆ కాలపు డిస్కు ఇప్పటి కంప్యూటర్లకు నేరుగా అతకదు, మధ్యలో కంట్రోలర్ కార్డు ఉండాల్సిందే. ఉన్న కార్డేమో పాట సగానికి రాగానే బిగుసుకుపోతుంది. డిస్కు మాయం, పాట మాయం. వేరేచోటికి కాపీ చేద్దామన్నా అదే తంతు. పరమేశ్ ఎన్నిసార్లు విన్నా రెండో చరణం దాటి విన్నది లేదు.

“గిది కొత్తది సార్. మస్తు తెలివైనది. డబ్బా మీద లైనక్స్ అని గూడ రాసిండ్రు.”

సారు కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. “రాస్తే అయితదా? దీని తెలివంతా డ్రైవర్లనే, అంటే దీన్ని నడిపే ప్రోగ్రాంలనే ఉంటది. లైనక్స్‌ల ఆ డ్రైవర్ ఇంక సక్కగ లేదట. పైగా డిస్కు కనబడంగనే దాని మీద సొంతంగ ఏదో రాసుకుంటదట. ఉన్న పాట తుడుచుకపోతే?”

“అయితే గిదే దిక్కు. మూతబడ్డ ఆఫీసుల సర్వర్ల కెల్లి తీసింది. దుమ్ము కొట్టుకపోయింది. ఏ తెలివీ లేదు.”

“తెలివి నాకెందుకు పరమేశ్? డిస్కుల ఉన్నది ఉన్నట్టు ఇస్తే చాలు.”

అంతలో సారు భార్య నవోమి టీ తెచ్చింది. “ఎవరి పిల్లగానివి బిడ్డా?”

“బిక్షపతి కొడుకునమ్మా, పరమేశ్‌ను.” ఎన్నేళ్లుగా వస్తున్నా అమ్మ అట్లాగే అడుగుతుంది. సారు శిష్యుల్లో ఎవరని గుర్తుంటారు పాపం!

ఆమె చూపు కంప్యూటర్ మీద పడింది. మూతి ముడుచుకుంది. “మళ్ల గదేనా? పొద్దుమాపు గా పిల్ల పాటే. గంత ప్రేమ, పావురముంటే గా పిల్లనే చేసుకోకపోయిన్రా?”

“అడిగిన. ఒప్పుకున్నది గూడ,” అన్నాడు సారు నెమ్మదిగా.

“మరేమైంది?”

“ఏమో. మెల్లమెల్లగ దూరమైంది.”

నవోమి విసురుగా లోపలికి వెళ్లిపోయింది. పరమేశ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంప్యూటర్ మూత విప్పి అందులో పెట్టాడు. ఈ వయసులో, అదీ భార్య ముందు, ఇదేం మాట? మొదటిసారి సారు మీద కోపమొచ్చింది.

“అమ్మ మనసు నొప్పిస్తుండ్రు సార్. పాట మొత్తం యాదికున్నది గద మీకు. ఇంక డిస్కెందుకు?”

“నాకు యాదికున్నది.” సారు కిటికీలోంచి బయటికి చూశాడు. వాన వెలిసి ఎండ పసుపుపచ్చగా కాస్తోంది. దూరంగా చర్చి గోపురం ఆ వెలుగులో తేలుతున్నట్టు ఉంది. “పాట అయిపోయినంక ఒక మాటుంటది. అది వినబడాలె.”

“ఎవరికి?”

సారు జవాబు చెప్పేలోపే నవోమి మళ్లీ టీ తెచ్చింది. ముందు తెచ్చిన గ్లాసులు ఇంకా అలాగే ఉన్నాయి. పాట సంగతి చాటుగా వినడానికే ఈ వంక అనుకున్నాడు పరమేశ్. ఆమె మీద జాలి కలిగింది.

దుమ్ము తుడిచి పాత కార్డు బిగించాడు. ఇదీ బిగుసుకుపోతే, సారు వద్దన్న ఆ కొత్త కార్డు తప్ప ఇంకోటి లేదు. తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి. డిస్కు కనబడింది. సారు మీట నొక్కాడు.

పాట మొదలైంది. వెనక ఎక్కడో పిల్లల అరుపులు, గంట మోత, గాలి. ఆ గొంతు మాత్రం అన్నిటికీ పైన, తొందరేమీ లేకుండా సాగింది. గది గోడలు వెనక్కి జరిగి, కొత్త వడ్ల వాసన కమ్ముకున్నట్టయింది పరమేశ్‌కు. మొదటి చరణం. రెండోది. ఆగలేదు. మూడో చరణం పరమేశ్ పుట్టిబుద్ధెరిగాక ఇదే వినడం.

నవోమి గడప దగ్గరే నిలబడిపోయింది. ముఖంలో కోపం లేదు. “మస్తు పాడుతది,” అంది చిన్నగా. “నాకేం కోపం లేదు. ఒక్కసారి మనింటికి పిలువరాదుండ్రి?”

“రోజు పిలుస్తనే ఉన్న. వస్తలేదు,” అన్నాడు సారు. ఆయన కళ్లు నిండిపోయాయి.

పాట అయిపోయింది. చప్పట్లు. డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంది. చప్పట్లు సద్దుమణిగాక ఎవరో కుర్రవాడు నవ్వాడు. అది సారు గొంతే, ఇంకా మీసం నెరవని రోజులనాటి గొంతు.

“ఇంకొక్కటి పాడు, నవోమీ.”