ఇరవై ఏడు జ్వరాలు

పన్నెండు ఊళ్ళ పట్టికలో పదకొండింటి ఎదురుగా సున్నా ఉంది. అత్వెల్లి ఎదురుగా మాత్రం ఇరవై ఏడు.

ఫణిభూషణ్ ఆ అంకెను మూడోసారి చూశాడు. దేశంలో ఫ్లూ ఎక్కడ పెరుగుతోందో వారం వారం కనిపెట్టే లెక్కలోకి మేడ్చల్ వైపు పల్లెల వివరాలు చేర్చడం అతని ఉద్యోగం. ఏ ఊళ్ళో ఎంతమందికి జ్వరం, దగ్గు ఉన్నాయో అక్కడి పల్లె దవాఖాన నర్సు రాసి పంపాలి. అంకె పెరిగిన చోటికి పైనుంచి మందులొస్తాయి. డాక్టర్ల బృందమూ వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇల్లిల్లూ తిరిగి చూస్తుంది.

అత్వెల్లి నర్సు జబీన్‌కు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఏడు ముందు రెండెలా వచ్చింది? పొరపాటున వేలు తగిలిందా?"

"లేదు సార్. ఇరవై ఏడే. లెక్కవెట్టి రాసిన."

"పోయిన వారం మూడేగా?"

"పోయిన వారం మూడే ఉండె. గీ వారం ఊరంత దగ్గుతాంది."

"మళ్ళీ ఒకసారి చూసి పంపు. ఏడు అయ్యుంటుంది."

"ఏడెట్లయితది సార్? ఇంటింటికి తిరిగిన."

ఆ ఎదురు జవాబు అతనికి నచ్చలేదు. జబీన్ చేరి నాలుగు నెలలే. కాంట్రాక్టు ఉద్యోగం. ఆమె అన్న అన్వర్‌కు అత్వెల్లి రోడ్డు మీద మందుల షాపు ఉందని ఎవరో అన్నట్టు గుర్తు. జ్వరాలు ఎక్కువ చూపిస్తే దవాఖానకు మందులు ఎక్కువ వస్తాయి. అవి అటునుంచి ఎటు పోతాయి?

మంగళవారం పొద్దున, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా, దుండిగల్‌లోని ఇంటి నుంచి నేరుగా బండి మీద బయల్దేరాడు.

ముందు అన్వర్ షాపు దగ్గర ఆగాడు. తానెవరో చెప్పలేదు.

"జ్వరం బిళ్ళలున్నాయా?"

"ఒక్క షీటే ఉంది సార్. మొన్న తెచ్చిన డబ్బ నిన్ననే ఖతమ్. ఊరంత పండుకున్నది."

"అంత గిరాకీనా?"

"గిరాకీ ఏంది సార్! మా చెల్లె నర్సు. దవాఖానల మందు అయిపోతే జనాన్ని నా దగ్గరికి తోలిస్తది. పైసలడగకు, ఇచ్చెయ్యి భయ్యా అంటది. పరేషాన్ జేస్తాంది."

అన్నాచెల్లెళ్ళు ముందే కూడబలుక్కున్నారనుకున్నాడు ఫణిభూషణ్.

పల్లె దవాఖానలో జబీన్ అతన్ని చూసి కంగారుగా లేచి నిలబడింది. అతను కూర్చోలేదు.

"రిజిస్టరు తియ్యి. ఈ ఇరవై ఏడుమందినీ నాకు చూపించాలి."

మొదటి ఇంట్లో అమ్మాజీ అనే ముసలావిడ, ఇద్దరు మనవలు ఒకే దుప్పటి కింద ఉన్నారు. అతను తనే నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ముగ్గురి ఒళ్ళూ కాలిపోతున్నాయి. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంటికి తాళం.

"ఇక్కడ నాలుగు పేర్లు రాశావు. మనుషులేరీ?" అతని గొంతులో హుషారొచ్చింది.

జబీన్ జవాబిచ్చేలోగా ఎదురింటామె గుమ్మంలోంచి అంది. "చిన్నపిల్లకు దమ్ము ఎక్కువైందని పొద్దుగాల పట్నం తీస్కపోయిన్రు సార్."

పదో ఇల్లు దాటాక అతను ఇక చాలన్నాడు. దవాఖానకు తిరిగొచ్చి, కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు. ఫ్యాను కిందే ఉన్నా చొక్కా తడిసిపోయింది.

"చూడమ్మా. చుట్టూ పదకొండు ఊళ్ళలో ఒక్కరికీ జ్వరం లేదు. నీ ఊళ్ళోనే ఇరవై ఏడంటే పైవాళ్ళు నమ్ముతారా? సగం మామూలు జలుబులే. పదమూడని రాద్దాం."

"పదమూడు రాస్తే పదమూడు మందికే మందులొస్తయి సార్. మిగిలినోళ్ళకు నేనేం జెప్పాలె?"

"నీది కాంట్రాక్టు ఉద్యోగం. గుర్తుంచుకో."

జబీన్ రిజిస్టరు మూసి గుండెకు ఆనించుకుంది. "తీసేస్తే తీసెయ్యుండ్రి సార్. అంకె మాత్రం మార్చ."

అప్పుడే బయట ఆటో ఆగింది. వాగు అవతలి ఊరి దుర్గమ్మ, కోడలు బిందును నడిపించుకుంటూ వచ్చింది. బిందుకు ఏడో నెల. రెండడుగులకోసారి ఆగి ఊపిరి కోసం నోరు తెరుస్తోంది.

"జర చూడు బిడ్డా," అంది దుర్గమ్మ. "నాలుగు దినాల సంది జ్వరం. మా ఊర్ల ఇంటికిద్దరు పండుకున్నరు. అడిగేటోళ్ళే లేరు."

జబీన్ బిందును మంచం మీదికి చేర్చి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. ఎనభై ఎనిమిదే. తొంభై అయిదన్నా ఉండాలి. వెంటనే అంబులెన్సు కోసం నూటెనిమిదికి ఫోన్ చేసింది. సిలిండరు లాగి, మాస్కు పెట్టి, బిందు వీపు నిమురుతూ ఫణిభూషణ్ వైపు తిరిగింది.

"సార్, వాగవతలి ఊరు సున్నా అన్నరు గద?"

అతను నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆడ నర్సు శోభారాణి అక్క. ఇంటికిద్దరు పండుకుంటే సున్నా అని రాసిందా? గీ పిల్లను మొన్ననే చూస్తే గింత దూరం వస్తుండెనా?" జబీన్ మళ్ళీ ఫోను తీసింది. "ఇప్పుడే అడుగుత. మీ ముంగటనే అడుగుత."

ఆమె నంబరు నొక్కింది. అవతల రింగవుతున్న చప్పుడు ఆ చిన్న గదిలో అందరికీ వినిపిస్తోంది. దుర్గమ్మ కోడలి పాదాలు రుద్దుతోంది. మాస్కు లోపల బిందు ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

ఫణిభూషణ్ లేచి వచ్చి జబీన్ చేతిలోని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"శోభారాణిని ఏమీ అనకమ్మా, రిపోర్టే రాని ఊళ్ళన్నిటికీ మూడు వారాలుగా సున్నాలు వేస్తున్నది నేనే."