కృష్ణబిలాలకు పెళ్ళిపెద్ద

దగ్గరికి జరగండి, పిన్ని చేసిన పెళ్ళి సంగతి చెబుతాను.

“మళ్ళీ మొదలెట్టారా? భోజనం చల్లారిపోతోంది,” అని గరిటెతో బల్ల మీద కొట్టింది పిన్ని. ఆకాశాన్ని పరిశోధించే ఆ ఆఫీసులో క్యాంటీన్ ఆవిడదే. చిన్నాపెద్దా అందరికీ పిన్నే.

బల్లకు అటు లెక్కలాయన, ఇటు టెలిస్కోపమ్మ. ఏడాది కిందట ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. చేరిన పూటే పోట్లాడుకున్నారు గనుక, వాళ్ళ గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

“లోకంతో పాటు పుట్టిన కృష్ణబిలాలు పిన్నీ,” అన్నాడు లెక్కలాయన. “ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. రెంటి చుట్టూ కంటికి కనబడని డార్క్ మ్యాటర్ మూగి ఉంటుంది. ఆ రాపిడికే అవి దగ్గరై కలిసిపోతాయి.”

“ఆయన మొహం. మూగినదాన్నంతా అవి మధ్యలోనే విదిలించి పారేస్తాయి,” అంది టెలిస్కోపమ్మ. “అది ఉన్నా లేకున్నా ఇంచుమించు కలిసే వేళకే కలుస్తాయి.”

పిన్నికి లెక్కలాయన మాటే నచ్చింది. చుట్టూ నలుగురు మూగకుండా ఏ జంట కలిసింది గనక?

పైగా గడువు ముంచుకొచ్చింది. సోమవారం టెలిస్కోపమ్మకు కొండమీదికి బదిలీ, రెండేళ్ళు. ఆ చలిలో పిల్ల ఒంటరిగా ఏం తింటుందోనని పిన్నికి ముద్ద దిగడం లేదు.

కొంగు బిగించింది. వానలో టెలిస్కోపమ్మ గొడుగు కిందికి చేరతాడని, గేటు తాత చేత లెక్కలాయన గొడుగు దాయించింది. వాళ్ళ బల్ల దగ్గర రెండే కుర్చీలు, అవీ పక్కపక్కనే ఉంచింది. శుక్రవారం ఆఫీసంతటినీ పోగేసి, ఇద్దరినీ మధ్యలో నిలబెట్టింది.

“ఎన్నాళ్ళిలా తిరుగుతారు? పెళ్ళి చేసుకోండి.”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

“నువ్వు చెప్పాక కాదంటామా పిన్నీ,” అన్నాడు లెక్కలాయన నేలచూపులు చూస్తూ. “అడిగితే నాకూ కొండమీదికే బదిలీ ఇచ్చారు.”

“ఎప్పుడు అడిగావురా?”

“పోయిన నెల.”

“అంటే నా మనసు నీకు అప్పుడే తెలిసిపోయింది,” అని కళ్ళొత్తుకుంది పిన్ని. “చూశావా అమ్మాయీ, మూగినవాళ్ళదే గొప్ప. వాదనలో ఓడిపోయావు.”

“ఓడిపోయాను పిన్నీ,” అంది టెలిస్కోపమ్మ, పెదవి కొరుక్కుంటూ.

ఇది గుర్తుంచుకుని మీవాళ్ళకూ చెప్పండి. పిన్ని చెవిన మాత్రం ఈ చివరి ముక్క పడనీయకండి.

వాళ్ళిద్దరికీ పెళ్ళై అప్పటికే ఆరేళ్ళు.