రెండో బ్లాకు భోజనం

“మా వాళ్ళని రోగాలపాలు చేస్తున్నది మీరే!”

మేనేజరు గది తలుపు తోసుకుని వస్తూనే పెద్దక్క ఆ మాట ఆయన ముఖాన కొట్టింది. చేతిలో క్యాంటీన్ గిన్నె. ప్యాకింగు హాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన చెయ్యి కదా, అంత కోపంలోనూ గిన్నెని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. వెనకాల గుమ్మం నిండా ట్రేలు సర్దే ఆడవాళ్ళు.

“చూడండి సార్. ఈ ఆలుగడ్డకి ఈత వచ్చినట్టుంది. లేకపోతే ఇంత నూనెలో ఎప్పుడో మునిగి చచ్చేది.”

గుమ్మం గొల్లుమంది.

“మా చెల్లికి షుగరు. కాలి పుండు మానట్లేదు. డాక్టరు తిండి మార్చమన్నాడు. మేముండేది మీ గదుల్లో, పొయ్యి పెట్టుకోనివ్వరు. పొద్దునా మీ తిండే, సాయంత్రమూ మీ తిండే. ఎలా మార్చాలి?”

మేనేజరు నిట్టూర్చాడు. “మంచి తిండి ఖరీదమ్మా. ఈ డబ్బుల్లో అది అయ్యే పని కాదు. దేవుడు దిగొచ్చినా కాదు.”

పెద్దక్క కళ్ళు మెరిశాయి. ఆ మాట కోసమే కాచుక్కూర్చుంది.

“అలాగా! పక్క గదికి పదండి.” గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

పక్క గదిలో కంప్యూటరు ముందు లెక్కలపాప. రెండో బ్లాకు తిండి బాధ్యత ఆ పిల్లది.

“పాపా, నిన్న నాకు చూపించిన గారడీ సారుకీ చూపించు.”

అడిగేవాళ్ళు దొరకడమే చాలు ఆ పిల్లకి. “ఇవి ఇవాళ్టి ధరలు సార్. మొక్కజొన్న, సోయా, గోధుమ, చేప. ఇవేమో షరతులు. మాంసకృత్తులు ఇంతకి తగ్గకూడదు, ఉప్పు ఇంతకి మించకూడదు, కొవ్వు పట్టకూడదు, ఎముకలు గుల్లబారకూడదు. ఇవన్నీ కుదిరేవాటిలో అన్నిటికన్నా చవకైనదేదో ఇది వెతికి పెడుతుంది.”

మీట నొక్కింది. రెప్పపాటులో జవాబు.

“సోయా ధర పెరిగితేనో?” పెద్దక్క తెలిసే అడిగింది.

“నువ్వే పెంచి చూడక్కా!”

పెద్దక్క ఒంటివేలితో మీటలు పొడిచింది. సోయా వెనక్కి తగ్గి నువ్వులు ముందుకొచ్చాయి. ఖర్చు గోరంత పెరిగింది, బలం మాత్రం చెక్కుచెదరలేదు. చక్కిలిగిలి పెట్టినట్టయింది ఆమెకి. మళ్ళీ పొడిచింది, మళ్ళీ కుదిరింది. గుమ్మంలో వాళ్ళు “నేను, నేను” అంటూ మీద పడ్డారు. ఒకామె ఉప్పు సగానికి కోసింది. ఇంకొకామె మాంసకృత్తులు పెంచీ పెంచీ, యంత్రం చేత “కుదరదు” అనిపించి, ఏదో గెలిచినట్టు గెంతింది.

“రెండో బ్లాకులో ఇప్పుడు జబ్బులున్నాయా పాపా?”

“ఎక్కడివక్కా! డాక్టరుగారు వచ్చి టీ తాగి వెళ్తున్నారు, అంతే.”

“ఖర్చో?”

“మీ క్యాంటీన్ ఖర్చులో సగం కూడా కాదు.”

మేనేజరుకి ఒళ్ళు మండింది. “అదీ ఇదీ ఒకటేనా? అక్కడ ఒక్కరోజు ఒంట్లో బాగోకపోతే కంపెనీకి ఎంత దెబ్బో తెలుసా?”

గుమ్మంలో వాళ్ళంతా మేనేజరు వైపు తిరిగారు.

పెద్దక్క నవ్వింది. నవ్వి, నవ్వి, బల్ల పట్టుకుని నిలబడి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“మేం పడిపోతే దెబ్బ లేదన్నమాట! సరే సార్. పాప లెక్క కడుతుంది. రుచి సంగతి వంటాయన చూసుకుంటాడు. మీరు ఊఁ అంటే చాలు.”

గిన్నె తీసి మెల్లగా మేనేజరు చేతుల్లో పెట్టింది.

“రేపటిదాకా ఆగేది లేదు, ఈ పూట నుంచే మీ కోళ్ళకి కట్టే లెక్క మాక్కూడా కట్టండి!”