శేషమ్మ మెచ్చిన తాగుబోతు

మద్రాసు నుంచి వీపీలో తెప్పించుకున్న అపరాధ పరిశోధక నవల అది.

డిటెక్టివు తన పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టి సారాయి తాగే పేజీ దగ్గర శేషమ్మ కళ్లొత్తుకుంది. పాపం, ఎంత మంచివాడో!

అప్పుడే వాకిట్లో ఎవరో దగ్గారు.

మాసిన చొక్కా, ఎర్రటి కళ్లు. సారాయి వాసన మనిషికన్నా ముందే గడప దాటింది.

“నా పేరు కరుణాకరమమ్మా. యేసుమణి సంగతి అడిగేదానికి వచ్చినా.”

యేసుమణి వాళ్ల పశువుల కొట్టం ఊడ్చే మనిషి. శేషమ్మ కాసులపేరు దొంగిలించిందని ఆమెను మార్కాపురం ఠాణాలో పెట్టారు. మర్నాడే కోర్టు.

“పోలీసువా?”

“ఒకప్పుడు. తాగుడుకు ఉద్యోగం పోయినాది. నగ యాడ పెట్టినారమ్మా?”

“బావి గట్టు మీద. తలంటుకునేటప్పుడు తీసిపెట్టి మరిచిపోయినా.”

“యేసుమణిని బావి దగ్గరికి రానిస్తారా?”

“బాగా అడిగినావు! వాళ్లను గట్టు ఎక్కనిస్తామా?”

“మరి నగ ఎట్ల తీసింది?”

పుస్తకంలో ఇదే ప్రశ్న పడితే శేషమ్మ శభాష్ అనేది.

“ఎవరినన్నా బావిలో దింపి వెతికించండమ్మా. లేదంటే నేనే దిగుతా.”

“నువ్వు మా బావిలో దిగుతావా? తాగొచ్చి ఏంది ఈ మాటలు? పో, పో!”

“నన్ను తిట్టండి తల్లీ, పడతా. ఆమెకు చంటిబిడ్డ ఉంది.”

శేషమ్మ తలుపేసి గడియ పెట్టింది.

పుస్తకంలో ఒక జమీందారు డిటెక్టివును గుమ్మంలోంచే గెంటించాడు. ఆ జమీందారును శేషమ్మ నోరారా తిట్టింది.

యేసుమణికి ఆరు నెలలు శిక్ష పడింది.

ఎండలు ముదిరాక బావి పూడిక తీయించారు. బురద తట్టలో కాసులపేరు పైకొచ్చింది.

“పరువు పాయె,” అన్నాడు మొగుడు నరసింహులు.

“ఆ కరుణాకరాన్ని పిలిపించండి. మన మీదికి మాట రాకుండా యేసుమణిని విడిపించే దారి ఆయనకే తెలుస్తాది.”

“యాడి కరుణాకరం? మొన్ననే గిద్దలూరులో చచ్చిపోయినాడు. నేను ఆ పొద్దు ఆడనే ఉన్నా. పాడె మోసేదానికి నలుగురు లేకపోతే, మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన భుజం పట్టినాడు.”

“చుట్టమా?”

“కాదు. నీ పుస్తకం రాసినాయన. ‘నా డిటెక్టివు ఈయనేనయ్యా, నేను మార్చింది పేరొక్కటే’ అని అందరి ముందరా ఏడ్చినాడు.”