నీడకొచ్చిన మనీప్లాంట్

“ఎండ మస్తుగుంటే మస్తు పెరుగుతదనుకున్న. గిట్ల తెల్లబడ్డదేందే?” డాబా మీద మనీప్లాంట్ కుండీ ముందు చతికిలబడి అడిగాడు సత్తయ్య. వరండా నీడలో ఉన్నదాన్ని మోసుకొచ్చి నడి ఎండలో పెట్టింది ఆయనే.

పక్కన నిలబడింది అన్న కూతురు రజిత. ఊరి బడిలో చదివిన ఆ పిల్లను పట్నానికి, నాచారంలోని తన ఇంటికి తెచ్చి, ఇంగ్లిష్ మీడియం ఇంటర్‌లో చేర్చి, రెండు ట్యూషన్లు పెట్టించిందీ ఆయనే. మూడోది కూడా చూస్తున్నాడని తెలిసి, ఇక తన వల్ల కాదని చెప్పడానికే ఆమె పైకి వచ్చింది.

“ఆకులల్ల వెలుగుతోని తిండి తయారుచేసే హరితరేణువులుంటయి చిన్నాయినా. వెలుగు ఎక్కువైతే, ఇగ మోయలేమని అవి కణాన్ని నడిపే కేంద్రకానికి కబురు పెడ్తయి.”

“అది తిట్టదా?”

“తిట్టదు. వెలుగును పట్టే సరంజామా తగ్గించుమని హుకుం మారుస్తది.”

“పెద్దరికమంటే గది!” మురిసిపోయాడు సత్తయ్య. “మరి దీని కేంద్రకం ఎందుకు వినలే?”

“ఒక్కసారే గింత ఎండల పెడ్తే సర్దుకునే టైం దొరకదు.”

ఆయన నొచ్చుకుంటూ కుండీని పసిపిల్లలా ఎత్తుకుని నీడకు తెచ్చాడు. రజితకు ధైర్యం వచ్చింది.

“చిన్నాయినా, నాకు గూడ...”

“ఆఁ, యాదికొచ్చింది. ఉప్పల్‌ల ఫిజిక్స్ సారుతోని మాట్లాడిన. రేపు పొద్దుగాల్నించే పోవాలె.”

రజిత వంగి, తెల్లబడ్డ ఆకు మీది దుమ్ము తుడిచింది. “సరే చిన్నాయినా. దీన్ని మాత్రం జర కొన్ని రోజులు నీడలనే ఉంచాలె.”

“అది నువ్వు చెప్పాల్నా? మొఖం సూస్తె తెలుస్తలేదా!” అన్నాడు సత్తయ్య, ఆకుల మీంచి చూపు తిప్పకుండానే.